పచ్చిక కిందా, గేట్ల దగ్గరా

2017 అక్టోబరు 21న గువాహటిలోని ఇందిరా గాంధీ అథ్లెటిక్ స్టేడియంలో అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. మాలి, ఘనా జట్లు ఆడుతుండగా జోరున కురిసిన వానకు మైదానం మీద నీళ్ళు నిలిచి, దొర్లవలసిన బంతి ఎక్కడికక్కడ ఆగిపోయింది. మాలి 2-1తో గెలిచింది. నాలుగు రోజుల తరువాత అదే మైదానంలో బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్ ఆడవలసి ఉండగా, పచ్చిక ఆ స్థాయి ఆటకు పనికిరాని స్థితికి చేరిందని తేల్చి, ఫిఫా ఆ పోటీని కోల్‌కతాకు మార్చింది. అంత తక్కువ వ్యవధిలో మార్చినా సాల్ట్ లేక్ స్టేడియానికి 63,881 మంది వచ్చారు. గువాహటి వాళ్ళకు మాత్రం, తమ ఊరికి మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియని ఒక గొప్ప ఆట చేజారిపోయింది.

ఈ సంఘటన గురించి నేను తరచుగా ఆలోచిస్తూ ఉంటాను. ఆ స్టేడియంలో దీపాలు బాగానే వెలిగాయి, సీట్లు కొత్తవి, ఆటగాళ్ళ గదులు సిద్ధంగా ఉన్నాయి. 2007 జాతీయ క్రీడల కోసం కట్టిన ఆ కట్టడాన్ని ప్రపంచ కప్ కోసం శ్రద్ధగానే బాగు చేశారు. చేయి ఇచ్చింది నేల ఒక్కటే. నీటిపారుదల పనులలో కొంతకాలం గడిపినవాడిని కనుక, స్టేడియం ఫోటో చూసినప్పుడు నా చూపు పైకప్పు మీద కాక, ఆ పచ్చిక మీద పడిన నీరు ఎటు పోతుందన్న ప్రశ్న మీద నిలుస్తుంది. ఒక అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటు ఏ ఊరికైనా ఇచ్చిపోగలిగిన మేలు రెండు చోట్ల ఉంటుందని నా అభిప్రాయం: ఒకటి పచ్చిక కింద, రెండోది గేట్ల దగ్గర. ఈ రెండూ ఫోటోలలో కనిపించవు. వీటికి కొత్త స్టేడియం కట్టవలసిన అవసరం కూడా చాలాసార్లు ఉండదు.

ముందుగా నేల సంగతి చెబుతాను. అంతర్జాతీయ పోటీలకు మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండాలి. చుట్టూ విడిచే జాగాను కూడా కలుపుకుంటే సుమారు 120 మీటర్లు, 80 మీటర్లు, అంటే 9,600 చదరపు మీటర్ల నేల అనుకుందాం. దాని మీద ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే 9,60,000 లీటర్ల నీరు చేరుతుంది. మామూలు మట్టి నేల అంత నీటిని పీల్చుకోలేదు. పైన బురద అవుతుంది, కింద గట్టిపడుతుంది, దాని మీద బూట్లతో పరుగెత్తితే గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది. అందుకని మంచి మైదానాన్ని పొరలు పొరలుగా కడతారు. అడుగున చదును చేసిన నేలలో కాలువలు తీసి, చిల్లులున్న గొట్టాలు పరుస్తారు. వాటి మీద సుమారు 100 మిల్లీమీటర్ల మందాన కంకర, దాని మీద 300 మిల్లీమీటర్ల మందాన ప్రత్యేకంగా జల్లించిన ఇసుక, ఆ ఇసుకలో గడ్డి. ఇసుక రేణువులు మరీ సన్నంగా ఉంటే వాటి మధ్య సందులు పూడుకుపోయి నీరు దిగదు. మరీ ముతకగా ఉంటే నీరు నిలవక గడ్డి ఎండిపోతుంది. సన్న ఇసుక పొర కింద ముతక కంకర ఉండటం వల్ల ఇసుక కొంత తడిని తనలోనే పట్టి ఉంచి, అంతకు మించిన నీటిని మాత్రమే కిందికి వదులుతుంది. ఒక అడుగున్నర కూడా లేని ఈ ఏర్పాటులోనే మైదానం ప్రాణమంతా ఉంది.

ఇసుకలో పెరిగే గడ్డికి పట్టు తక్కువగా ఉంటుంది కనుక, ఈ మధ్య కాలంలో పెద్ద పోటీల కోసం ప్లాస్టిక్ పోగులను 18, 20 సెంటీమీటర్ల లోతు దాకా కుట్టి, వాటి చుట్టూ వేళ్ళు అల్లుకునేటట్టు చేస్తున్నారు. పైకి కనిపించే పచ్చదనంలో ఈ పోగుల పాలు ఐదు శాతం మించదు, మిగిలినదంతా ప్రాణమున్న గడ్డే. ఇక గడ్డి రకం సంగతికి వస్తే, వేడి ప్రదేశాలలో ఎక్కువగా వేసేది బెర్ముడా గడ్డి. అది మనం కాణిపాకంలో స్వామివారికి సమర్పించే గరిక జాతికి చెందినదే. ఆటల కోసం సంకరం చేసి, ఆకు సన్నబడేటట్టు, ఒత్తుగా పెరిగేటట్టు మెరుగుపరిచారు. మన ఎండకూ మన నేలకూ ఇంతకన్నా అలవాటు పడిన గడ్డి మరొకటి ఉండదు.

నేలను పట్టించుకోకుండా పైకప్పు మీద మోజు పడితే ఏమవుతుందో మిలాన్ నగరంలోని సాన్ సీరో స్టేడియం చెబుతుంది. 1990 ప్రపంచ కప్ కోసం ఆ పాత స్టేడియానికి మూడో అంతస్తు లేపి, చుట్టూ 11 కాంక్రీటు స్తంభాల గోపురాలు నిలిపి, పైకప్పు వేశారు. చూడటానికి అది అద్భుతమైన కట్టడమే, నేను కాదనను. కానీ ఆ ఎత్తు వల్ల మైదానానికి ఎండా గాలీ సరిగా తగలక, పచ్చిక పదే పదే చచ్చిపోయి, ఏళ్ళ తరబడి కొత్త గడ్డి పరుస్తూ పోవలసి వచ్చింది. పోగులు కుట్టిన గడ్డి వేసిన తరువాత, 2012 నుంచి, పరిస్థితి కాస్త మెరుగుపడింది. జపానువారు 2002 ప్రపంచ కప్ కోసం సప్పోరోలో దీనికి మరో దారి వెతికారు. అక్కడ మైదానాన్ని మైదానంగానే కప్పు బయటికి జరిపి ఎండలో ఉంచుతారు, ఆట రోజున గాలి ఒత్తిడితో కొద్దిగా పైకి లేపి లోపలికి తెస్తారు.

అమెరికా కథ ఇంకా ఆసక్తికరమైనది. 1994 ప్రపంచ కప్‌లో డెట్రాయిట్ దగ్గరి పాంటియాక్ సిల్వర్‌డోమ్ పూర్తిగా కప్పు ఉన్న స్టేడియం. లోపల సహజమైన గడ్డి బతకదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని గడ్డి శాస్త్రవేత్త ట్రే రోజర్స్ బృందం ఆరు మూలల పెట్టెలలో బయట గడ్డి పెంచి, వాటిని లోపల ఒకదాని పక్కన ఒకటి చేర్చి మైదానం తయారు చేసింది. కప్పు కింద జరిగిన మొదటి ప్రపంచ కప్ ఆటలు అవే. అదే రోజర్స్, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న జాన్ సొరోచన్, 2026 ప్రపంచ కప్ మైదానాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఒక గురువు, ఒక శిష్యుడు, మూడు దశాబ్దాలుగా ఒకే ప్రశ్న. చదువు ఇంత నిలకడగా ఒక ఆటకు ఉపయోగపడటం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

2026 పోటీల గురించి మరొక మాట కూడా చెప్పుకోవాలి. 48 జట్లు, 104 ఆటలు, మూడు దేశాలలో 16 నగరాలు. అయినా ఈ టోర్నమెంటు కోసమని ఒక్క కొత్త స్టేడియం కూడా కట్టలేదు. అన్నీ ఉన్నవే. 1970లోనూ 1986లోనూ ఫైనల్ చూసిన మెక్సికో నగరపు అజ్టెకా మూడోసారి ప్రపంచ కప్‌కు వేదికగా ఎంపికైంది. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 49 మీటర్ల లోపే కనుక, దాని చుట్టూ కట్టిన స్టేడియంలో 68 మీటర్ల మైదానం అంత సులభంగా పట్టదు. న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో మూలల దగ్గరి సీట్లను తీసివేసి జాగా చేశారు. కృత్రిమ గడ్డి ఉన్న స్టేడియాలలో దాన్ని పక్కన పెట్టి సహజమైన గడ్డి వేయవలసి వచ్చింది, కప్పు ఉన్నచోట గడ్డి కోసం దీపాల కాంతి ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఖర్చు ఎక్కువే కావచ్చు, కానీ ఆ ఖర్చు పోయినది ఆట జరిగే చోటికి.

ఇప్పుడు గేట్ల సంగతి. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి జనసమూహం కొత్త కాదు. తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్స్ పనిచేసే తీరు మనకు తెలుసు: జనాన్ని కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి, ఒక్కొక్క కంపార్టుమెంటును వరుసగా వదులుతారు. వేలమంది వచ్చినా, దర్శనం దగ్గరికి చేరేవారి సంఖ్య ఎప్పుడూ అదుపులో ఉంటుంది. స్టేడియం దీనికి పూర్తిగా తలకిందులైన సమస్య. అక్కడ జనం రెండు మూడు గంటలలో మెల్లగా లోపలికి వస్తారు, చివరి విజిల్ మోగగానే అందరూ ఒక్కసారిగా లేస్తారు. ఆ క్షణానికి తగినట్టు మెట్లూ దారులూ గేట్లూ ఉండాలి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం మన ఊళ్ళోనే తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయిన తరువాత, గేటు వెడల్పు అన్న మాటను నేను మునుపటిలాగా చదవలేకపోతున్నాను.

దీనికి ఒక లెక్క ఉంది. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది నలిగి చనిపోయిన తరువాత, బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రత కోసం 1973లో ఒక మార్గదర్శిని తయారు చేశారు. ఇప్పటికీ ప్రపంచమంతటా దాన్నే ఆధారంగా తీసుకుంటారు. ఆ మార్గదర్శిని ప్రకారం ఒక మీటరు వెడల్పున్న చదునైన దారిలో నిమిషానికి 82 మంది, అదే వెడల్పున్న మెట్ల మీద 66 మంది దాటగలరు. స్టేడియం నుంచి జనం బయటి దారులలోకి చేరటానికి ఎనిమిది నిమిషాలు మించరాదు. ఈ సంఖ్యలను పట్టుకుని కొచ్చి స్టేడియం సంగతి చూద్దాం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) తొలి సీజన్లలో 60,000కు పైగా జనంతో పసుపు రంగులో ఊగిపోయిన ఆ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి, 2017 ప్రపంచ కప్‌లో భద్రత దృష్ట్యా 29,000 మందికే అనుమతి ఇచ్చారు. మెట్ల మీద లెక్క కట్టి చూస్తే 29,000 మందికి మొత్తం 55 మీటర్ల వెడల్పు మెట్లు చాలు. 60,000 మందికి 114 మీటర్లు కావాలి. లోపల సీట్లు ఎన్ని వేసినా, ఆ వెడల్పు లేకపోతే ఆ సీట్లు వాడుకోకూడదు. అప్పట్లో కేరళ అభిమానులు ఎంతో నొచ్చుకున్నారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ నిర్ణయం సరైనదే. స్టాండ్ల కింద ఉన్న దుకాణాలను పోటీల కాలానికి ఖాళీ చేయమన్నప్పుడు వ్యాపారులు హైకోర్టు దాకా వెళ్ళారు. వాళ్ళ జీవనోపాధి ప్రశ్న న్యాయమైనదే, కానీ జనం నడిచే స్టాండ్ల కింద దుకాణాలను అనుమతించే ముందే ఆ ఆలోచన చేసి ఉండవలసింది.

కోల్‌కతాలో ఈ మార్పు ఇంకా పెద్దది. 1984లో తెరిచిన సాల్ట్ లేక్ స్టేడియంలో 1,20,000 మంది పడతారని చెప్పేవారు; 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల మధ్య జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. 2017 కోసం సిమెంటు గట్ల మీద విడివిడి సీట్లు బిగించి, సామర్థ్యాన్ని 85,000 దగ్గరికి తగ్గించి, కృత్రిమ గడ్డి తీసేసి బెర్ముడా గడ్డి వేశారు. ఆ టోర్నమెంటు ఫైనల్‌లో ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించటం 66,684 మంది చూశారు. సంఖ్య తగ్గింది, ప్రతి మనిషికీ ఒక సీటు, ఒక దారి దొరికాయి. ఆ పోటీల ఆరు వేదికలలో ఒక్కటి కూడా కొత్తగా కట్టినది కాదన్నది, మన దేశం చేసిన మంచి పనులలో ఒకటిగా నేను లెక్కపెడతాను. ఆటలు జరిగిన వేదికలే కాక, జట్లు సాధన చేయటానికి కొచ్చిలో మహారాజాస్ కళాశాల మైదానాన్ని, ఫోర్ట్ కొచ్చిలోని వెలి, పరేడ్ మైదానాలను, పనంపిళ్ళి నగర్‌లో పాఠశాల మైదానాన్ని బాగు చేశారు. నా దృష్టిలో ఇవే అసలైన ఆస్తి, ఎందుకంటే పెద్ద స్టేడియంలో మామూలు పిల్లవాడు కాలు పెట్టే రోజు అరుదు.

కొత్తగా కట్టటం వల్ల వచ్చే చిక్కులను వివరంగా చెప్పనవసరం లేదు. 2014లో బ్రెజిల్ మనౌస్‌లో 40,000కు మించిన సీట్లతో కట్టిన స్టేడియంలో ప్రపంచ కప్ ఆటలు నాలుగే జరిగాయి, ఆ తరువాత దాన్ని నింపగల పెద్ద జట్టు ఆ ఊళ్ళో లేదు. రాజధాని బ్రసీలియా స్టేడియం ఆవరణను కొంతకాలం సిటీ బస్సులు నిలపటానికి వాడుకున్నారు. పోర్చుగల్ 2004 యూరో, అంటే ఐరోపా దేశాల ఫుట్‌బాల్ టోర్నమెంటు, కోసం అవేరో, లెయిరియా వంటి చిన్న ఊళ్ళలో కట్టినవి ఆ ఊళ్ళకు మోయలేని బరువయ్యాయి.

కతార్ గురించి మాత్రం ఇంత త్వరగా దాటిపోలేను, ఎందుకంటే అక్కడ మన మనుషులు పనిచేశారు. 2022 ప్రపంచ కప్‌కు వాడిన ఎనిమిది స్టేడియాలలో ఏడు కొత్తవి. 1976 నాటి ఖలీఫా స్టేడియం ఒక్కటే బాగుచేసి 2017లో తిరిగి తెరిచినది. రాయలసీమ నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళే కుటుంబాలు పీలేరు, రాయచోటి వైపు లెక్కలేనన్ని ఉన్నాయి. మా బంధువు ఒకాయన దోహాలో వంతెనల పనిలో సెంట్రింగ్ మేస్త్రీగా కొన్నేళ్ళు ఉండి వచ్చారు. "పగలు కమ్మి ముట్టుకుంటే చెయ్యి కాలిపోతాది, రాత్రిళ్ళే కట్టేవాళ్ళం" అని ఆయన చెప్పారు. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన 2021లో గానీ రాలేదు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు 2020లో వచ్చింది. అప్పటికి స్టేడియాల పని చాలా వరకు పూర్తయింది. స్టేడియం పనులలో ప్రమాదాల వల్ల చనిపోయినవారు ముగ్గురని, ఇతర కారణాలతో మరణించినవారు 37 మంది అని నిర్వాహకుల లెక్క. యువకులు నిద్రలోనే గుండె ఆగి చనిపోతే సరైన విచారణ లేకుండా సహజ మరణాలుగా రాశారని హక్కుల సంఘాలు చెబుతూనే ఉన్నాయి. ఏడు స్టేడియాలతోపాటు వాటికి కావలసిన రోడ్లూ మెట్రోలూ ఒకే గడువు లోపల పూర్తి కావాలన్న తొందర మొదట పడేది కూలివాడి ఒంటి మీదే. పాతదాన్ని బాగు చేసుకోవటం మంచిదని నేను ఇంత గట్టిగా అనటానికి ఇదొక కారణం.

కొత్తగా కట్టిన వాటిలోనూ నా మనసుకు నచ్చిన స్టేడియం ఒకటి ఉంది. 2004 యూరో కోసం పోర్చుగల్‌లోని బ్రాగా నగరంలో ఎడ్వార్డో సౌటో ది మౌరా అనే వాస్తుశిల్పి పాత గ్రానైట్ క్వారీలో కట్టినది అది. రెండు పొడవు పక్కల మాత్రమే స్టాండ్లు ఉంటాయి. ఒక గోలు వెనుక నిలువెత్తు రాతి చరియ, రెండో గోలు వెనుక కిందికి పరుచుకున్న ఊరు. రెండు స్టాండ్ల పైకప్పులనూ ఉక్కు తాళ్ళతో కలిపారు. తవ్విన రాతినే కొట్టి కాంక్రీటులో వాడుకున్నారు. స్టేడియాన్ని లోయలో కట్టి ఉంటే నీటి దారికి అడ్డుకట్ట అయ్యేదని గ్రహించి, దాన్ని కొండలోకి జరిపాడు ఆ శిల్పి. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ తీసి వదిలేసిన గుంతలు చూసినప్పుడల్లా నాకు బ్రాగా గుర్తుకొస్తుంది. అయితే దాని ఖర్చు మొదటి అంచనాను చాలా మించిపోయి, ఆ భారాన్ని ఆ ఊరి పురపాలక సంఘం ఏళ్ళ తరబడి మోసింది. అందుకని దాన్ని మెచ్చుకుంటాను గానీ మనకు కావాలని కోరను.

తెలుగు నేల మీద అంతర్జాతీయ ఫుట్‌బాల్ లేకపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణానికి నడిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు మనిషి. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకు వేదికైన గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలోనే 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. సిరియా 3-0తో మన జట్టును ఓడించి కప్పు తీసుకుపోయింది. రాయలసీమకు ఆ స్థాయి టోర్నమెంటు రావటం ఇప్పట్లో జరిగే పని కాదు, అందుకోసం పెద్ద స్టేడియం కట్టాలని అడగటం కూడా సరికాదు. నేను అడిగేది ఒక సాధన మైదానం. మన ఊళ్ళో పొద్దున్నే ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఉన్నారు. వాళ్ళకు ఆట నేర్పే పీఈటీ మాస్టారు ఒకాయన నాతో, "వాన పడితే మూడు దినాలు గ్రౌండు ముట్టలేం సార్, ఎండితే రాయి మాదిరి అయిపోతాది" అన్నారు. ఇది మైదానం సమస్యకు సంపూర్ణమైన నిర్వచనం. అడుగున గొట్టాలు లేని నేల ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. దానికి తోడు సభలకూ ఎగ్జిబిషన్లకూ పందిరి గుంజలు పాతి తీసిన గుంతలు.

9,600 చదరపు మీటర్లకు 300 మిల్లీమీటర్ల ఇసుక అంటే 2,880 ఘనపు మీటర్లు, టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున దాదాపు 290 లోడ్లు. ఇప్పటికే తవ్వి తవ్వి బండ తేలిన స్వర్ణముఖి నుంచి అంత ఇసుక తీయటం నాకు సమ్మతం కాదు. క్వారీలలో రాతిని కొట్టి చేసే ఇసుక వాడవచ్చు, కానీ అందులోని సన్నటి దుమ్మును బాగా కడిగి తీసివేయకపోతే రెండు మూడేళ్ళలో అది పొరలను పూడ్చేస్తుంది. కనుక ఇసుక కొనే ముందు జల్లెడ పరీక్ష చేయించటం ఈ పని మొత్తంలో అన్నిటికన్నా చౌకైనది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు మూడో వారంలో కొండ మీది నుంచి దిగిన వరద ఊరిని ఎలా ముంచిందో ఎవరూ మరచిపోలేదు. అందుచేత గరిక పిలకలు నాటే పని జూన్, జూలై నెలలలో ముగిస్తే, అసలు వానలు మొదలయ్యేసరికి వేళ్ళు ఇసుకలోకి దిగి ఉంటాయి.

గొట్టాల ద్వారా దిగిన నీటిని మురుగు కాలువలోకి వదలకుండా మైదానం పక్కన భూమిలో కట్టిన తొట్టిలోకి మళ్ళించాలి. వేసవిలో పచ్చికకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు పెట్టాలనుకుంటే 48,000 లీటర్లు అవుతుంది. 100 మిల్లీమీటర్ల వాన నీటిని పూర్తిగా పట్టి ఉంచగలిగితే ఇరవై రోజులకు సరిపోతుంది. అంత పెద్ద తొట్టి కట్టలేకపోయినా, అందులో సగం పట్టేది కట్టినా బోరు మీద భారం తగ్గుతుంది. ఆ తొట్టి ఏ మూలన ఉండాలో నేల వాలు చూసి తేల్చాలి. ఆ వాలు కొలవటానికి లెవెలింగ్ పరికరం పట్టుకోగల ఇంజనీరింగ్ విద్యార్థులు తిరుపతిలో కావలసినంత మంది ఉన్నారు.